అమాంగ్ అన్న ఒక్క మాట

బిట్వీన్ ఇద్దరికి, అమాంగ్ ముగ్గురికీ ఆపైనవాళ్ళకీ... స్కూల్లో ఇంగ్లీషు గ్రామర్ చదువుకున్న ఎవర్నడిగినా ఠక్కున చెప్పే సూత్రం ఇది. పరీక్షలో ఖాళీలు పూరించడానికి బానే పనికొస్తుంది. ఇంగ్లీషువాళ్ళు మాత్రం దీన్ని ఎప్పుడూ సరిగ్గా పాటించలేదు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో ఈ తేడా రాస్తూనే, జనం దీన్ని అన్నివేళలా పాటించట్లేదేమో అని కూడా ఒక మాట కలిపాడు.

మూడు దేశాలు ఒప్పందం చేసుకుంటే అక్కడ బిట్వీన్ అనడమే సహజం. ఎందుకంటే ఒక్కో దేశం విడివిడిగా మిగతా రెంటికీ మాటిస్తోంది. చెట్ల మధ్య ఇల్లుంది అనాలంటే అమాంగ్. అక్కడ మనం చెట్లని లెక్కపెట్టట్లేదు, గుంపుగా చూస్తున్నాం. విడివిడిగా చూస్తున్నామా, కలిపి చూస్తున్నామా అన్నదే అసలు తేడా అన్నమాట. మన తెలుగులో ఈ గొడవ లేదు, రెంటికీ "మధ్య" అనేస్తే సరిపోతుంది. అమాంగ్ పుట్టుక కూడా ఇదే చెప్తుంది. పాత ఇంగ్లీషులో గుంపు, కలగలుపు అనే అర్థమున్న మాటలోంచి వచ్చింది అది.

ఇంతకీ ఇందులో చరిత్ర ఎక్కడుంది అంటారా? ఈ మాటకి అర్థం ఏంటన్న ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ దేశంలో ఢిల్లీలాంటి కేంద్రానికి ఎంత బలముండాలి, రాష్ట్రాలకి ఎంత ఉండాలి అన్న తగువులో సగం దీని చుట్టూనే తిరిగింది.

1787లో రాసిన అమెరికా రాజ్యాంగంలో, మొదటి అధికరణం ఎనిమిదో సెక్షన్లో, వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం కాంగ్రెస్‌కి ఇస్తూ ఒక చిన్న వాక్యం ఉంది. విదేశాలతో వాణిజ్యం, స్థానిక ఇండియన్ తెగలతో వాణిజ్యం... ఈ రెండు చోట్లా "విత్" అని రాశారు. రాష్ట్రాల దగ్గరికొచ్చేసరికి మాత్రం "అమాంగ్" అన్నారు. మరి రాష్ట్రాల "మధ్య" వాణిజ్యం అంటే ఏంటి? సరిహద్దు గీత దాటే క్షణం వరకేనా, గీత దాటి ఊళ్ళోకొచ్చాక కూడానా? ఆ వాక్యంలో చెప్పలేదు. మా సాఫ్ట్‌వేర్‌వాళ్ళకి ఇలాంటివి అలవాటే. రిక్వైర్‌మెంట్ రాసినవాడు ఒక మాట వదులుగా రాసి వెళ్ళిపోతాడు, దాని అర్థం తేలేది ఏళ్ళ తర్వాత సిస్టమ్ ఆగిపోయినప్పుడే.

ఇక్కడ ఆగిపోయినవి స్టీమ్‌బోట్లు. 1807లో రాబర్ట్ ఫుల్టన్ స్టీమ్‌బోటు హడ్సన్ నది మీద న్యూయార్క్ నుంచి ఆల్బనీ దాకా నడిచింది. న్యూయార్క్ రాష్ట్రం తన నీళ్ళలో స్టీమ్‌బోట్లు నడిపే గుత్తహక్కు ఫుల్టన్‌కీ, అతని భాగస్వామి లివింగ్‌స్టన్‌కీ ఇచ్చేసింది. వాళ్ళ దగ్గర లైసెన్సు కొనుక్కున్నవాడు ఏరన్ ఆగ్డెన్. కేంద్రం 1793లో చేసిన చట్టం కింద లైసెన్సు తీసుకుని, న్యూజెర్సీ నుంచి న్యూయార్క్‌కి పోటీగా బోట్లు నడిపినవాడు థామస్ గిబ్బన్స్. ఆగ్డెన్ కోర్టుకెళ్ళి గిబ్బన్స్ బోట్లు ఆపించాడు. ఈలోగా న్యూజెర్సీ, కనెక్టికట్ రాష్ట్రాలు న్యూయార్క్ గుత్తహక్కుదార్ల మీద ఎదురు చట్టాలు చేశాయి. ఒకే దేశం, పక్కపక్క రాష్ట్రాలు, మధ్యలో నది... అయినా బోటు కదలదు!

1824 మార్చి 2న ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ తీర్పిచ్చాడు. అమాంగ్ అంటే కలగలిసి ఉండటం, కాబట్టి రాష్ట్రాల మధ్య వాణిజ్యం సరిహద్దు గీత దగ్గర ఆగదు, రాష్ట్రం లోపలికీ వెళ్తుంది అన్నాడు. బోట్లు నడపడం కూడా వాణిజ్యమేనన్నాడు. కేంద్ర చట్టం ముందు న్యూయార్క్ ఇచ్చిన గుత్తహక్కు నిలవలేదు. అదే తీర్పులో ఆయన ఇంకో ముక్క కూడా చెప్పాడు. పూర్తిగా ఒక రాష్ట్రం లోపలే ఉండి, మిగతా రాష్ట్రాలకి సంబంధించని వాణిజ్యం మాత్రం ఈ మాట కిందకి రాదు. అంటే తలుపు తెరిచాడు, గడప కూడా ఉంచాడు.

తర్వాతివాళ్ళకి తలుపు గుర్తుంది, గడప అంతగా గుర్తులేదు. ఒహాయోలో రాస్కో ఫిల్‌బర్న్ అనే రైతుకి 11.1 ఎకరాల్లో గోధుమ వేసుకోమని కోటా ఇస్తే 23 ఎకరాల్లో వేశాడు. ఎక్కువ పండింది నా పశువులకీ నా ఇంటికీ అన్నాడు. 1942లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఇలాంటి రైతులందర్నీ కలిపి చూస్తే దేశంలో గోధుమ ధర మీద ప్రభావం ఉంటుంది కాబట్టి అది కూడా కాంగ్రెస్ పరిధిలోదే అంది. ఇంట్లో తినే రొట్టె కూడా రాష్ట్రాల మధ్య వాణిజ్యం అయిపోయింది.

నాకైతే ఈ తీర్పు మింగుడుపడదు. కానీ 1964 సంగతి చూడండి. అట్లాంటాలో 216 గదుల మోటెల్ ఒకటి నల్లజాతివాళ్ళకి గది ఇవ్వనంది. పౌరహక్కుల చట్టం నామీద చెల్లదని కోర్టుకెక్కింది. అక్కడ దిగేవాళ్ళలో ముప్పావు వంతు బయట రాష్ట్రాలవాళ్ళే. కోర్టు అదే వాణిజ్య వాక్యాన్ని ఆధారం చేసుకుని ఆ చట్టాన్ని నిలబెట్టింది. రోజంతా కారు నడిపి, రాత్రి పడుకోడానికి చోటు దొరకని నల్లజాతి కుటుంబాలకి ఈ చిన్న మాటే ఆసరా అయింది. రైతు విషయంలో నచ్చని తర్కమే ఇక్కడ నచ్చుతుంది. ఒకటి తీసుకుని ఇంకోటి వదిలేద్దామంటే గీత ఎక్కడ గియ్యాలో చెప్పగలగాలి. 1995లో కోర్టు ఆ పని కొంత చేసింది. బడి దగ్గర తుపాకీ ఉంచుకోవడాన్ని వాణిజ్యం అనలేమని ఒక కేంద్ర చట్టాన్ని కొట్టేసింది, అదీ 5-4 తేడాతో.

మన రాజ్యాంగం రాసినవాళ్ళు ఈ చిక్కుని ఒక్క మాటకి వదిలెయ్యలేదు. 301వ అధికరణం వాణిజ్య స్వేచ్ఛ భారత భూభాగమంతటా ఉంటుందంటుంది. 302లో ఒక రాష్ట్రానికీ ఇంకో రాష్ట్రానికీ మధ్య అని ఒకసారి, దేశంలో ఏ భాగంలోనైనా అని ఇంకోసారి విడివిడిగా రాశారు. అక్కడితో తగువులు ఆగిపోయాయని కాదు, కనీసం ఏ తగువు దేనిగురించో తెలుస్తుంది.

మార్షల్ ఆ మాటని సరిగ్గానే చదివాడని నా నమ్మకం. 1942 నాటికి కోర్టు ఆ మాటని చదవడం మానేసి, దాని పేరు మీద లెక్కలు వేసింది. వదులుగా రాసిన మాట మంచివాడి చేతిలో మంచి చేస్తుంది నిజమే. కానీ చట్టం రాసేటప్పుడు, ఆ తర్వాత దాన్ని చదివేవాడు ఎవడో మనకి తెలీదు కదా!