కారు మీద ఎవరో గీతలు గీశారా? రిపేరుకు ముందు తెలుసుకోవాల్సినవి

పాతపాళ్య, బాగేపల్లి, చింతామణి వైపు మన ఇళ్లలో చాలామందికి కారు షెడ్డు ఉండదు. ఇంటి ముందు వీధిలోనో, గుడి పక్క ఖాళీ జాగాలోనో బండి నిలబడుతుంది. జాతర రోజైతే రోడ్డు వారనే. పొద్దున లేచి చూస్తే తలుపు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా తాళంచెవితో గీసిన గీత కనిపిస్తుంది. బాడుగకు తిప్పే బండి అయితే ఆ గీత చూసి బేరం కూడా తగ్గుతుంది. అలాంటప్పుడు కోపంలో చేసే మొదటి పని, ఆత్రంగా పెట్టే మొదటి ఖర్చు రెండూ తరచుగా తప్పుతాయి. అందుకే ఏది ముందు, ఏది తర్వాత అనేది ఇక్కడ వరుసగా చెబుతున్నాం.

ముందు ఫొటో, తర్వాతే నీళ్లు

గీతను తుడవకముందే ఫొటోలు తీయండి. నంబరు ప్లేటు కనిపించేలా ఒకటి, బండి నిలిపిన చోటు తెలిసేలా ఒకటి, గీతకు దగ్గరగా రెండు మూడు. పక్క అంగట్లోనో ఎదురింట్లోనో సీసీ కెమెరా ఉంటే ఆ రోజే అడగండి. చాలా కెమెరాల్లో పాత రికార్డింగు కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుంది. ఇన్సూరెన్స్ అడిగే ఆలోచన ఉంటే సర్వేయరు చూసేదాకా రిపేరు మొదలుపెట్టకండి. ముందే పాలిష్ చేయిస్తే చూపించడానికి నష్టమే మిగలదు.

గుడ్డు, బ్రేక్ ఆయిల్, యాసిడ్ లాంటివి పోసి ఉంటే మాత్రం ఆగకూడదు. గబగబా ఒక ఫొటో తీసి, వెంటనే ధారాళంగా నీళ్లు పోయండి. గుడ్డతో రుద్దకండి, చేతులకు గ్లౌజులు వేసుకోండి. ఇవి ఎంతసేపు ఉంటే రంగును అంతగా తినేస్తాయి.

గీత ఎంత లోతు?

ఖర్చంతా ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది. కారు రేకు మీద తుప్పు ఆపే పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన మెరుపునిచ్చే క్లియర్ కోట్ ఉంటాయి. అన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లే. అంటే మిల్లీమీటరులో పదో వంతు, లేదా అంతకు కాస్త ఎక్కువ. అందులో క్లియర్ కోట్ సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు.

బండిని నీడలో కడిగి, ఆరబెట్టి, మూడు పరీక్షలు చేయండి.

1. గీత మీద నీళ్లు చల్లండి. తడిగా ఉన్నంతసేపు గీత మాయమైతే అది క్లియర్ కోట్‌లోనే ఉంది.
2. గోటిని అడ్డంగా మెల్లగా లాగండి. గోరు తగులుకోకపోతే పాలిష్‌తో పోయే అవకాశం ఎక్కువ. తగులుకుంటే లోతుగా దిగినట్టు.
3. గీత లోపలి రంగు చూడండి. బూడిద రంగో, బండి రంగుకు సంబంధం లేని మరో రంగో కనిపిస్తే ప్రైమర్ దాకా పోయింది. లోహం మెరిస్తే రేకు బయటపడింది. బంపరు ప్లాస్టిక్ కాబట్టి దానికి తుప్పు పట్టదు, అక్కడ తొందర లేదు.

పైపైన ఉంటే ఇంట్లోనే

రబ్బింగ్ కాంపౌండ్, ఫినిషింగ్ పాలిష్, శుభ్రమైన రెండు మైక్రోఫైబర్ గుడ్డలు చాలు. బండి ఎండలో కాలి ఉండగా చేయకూడదు. పొద్దున్నే, నీడలో చేయండి. మన ఎర్రమట్టి దుమ్ము ఒక్క రేణువు గుడ్డకు అంటినా కొత్త గీతలు పడతాయి కాబట్టి ముందు బాగా కడగాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆరకముందే తుడవండి, లేకపోతే తెల్ల మచ్చలు నిలుస్తాయి.

కాంపౌండ్ కొంచెమే తీసుకుని, అరచేయంత జాగాలో సమంగా ఒత్తుతూ రుద్ది, తుడిచి చూడండి. గీత మసకబారితే ఇంకోసారి చేయండి. కాంపౌండ్ గీతను నింపదు, చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీసి గీత అంచును సమం చేస్తుంది. అందుకే ఎక్కువ రుద్దితే మెరుపే పోతుంది. గుడ్డకు బండి రంగు అంటుతుంటే ఆపేయండి. క్లియర్ కోట్ అయిపోయి ఉండాలి, లేదా మీ బండికి మొదటి నుంచీ అది లేకపోయి ఉండాలి. టూత్‌పేస్ట్ చిట్కా వద్దంటాం. అదీ అరగదీసేదే, పైగా ఎంత గరుకో తెలియదు.

రంగు దాటితే

సన్నటి గీతకు టచప్ పెన్ను సరిపోతుంది. రంగు పేరు కాదు, కోడు ముఖ్యం. అది చాలా బండ్లలో తలుపు స్తంభం మీదో బానెట్ కిందో అంటించిన చీటీలో ఉంటుంది. తెలుపు అన్నా పది రకాల తెలుపులు ఉంటాయి. గీత లోపల శుభ్రం చేసి, తుప్పు ఉంటే గీకి, రేకు కనిపిస్తే ముందు ప్రైమర్ పెట్టాలి. తర్వాత రంగును పలచగా, ఒక పూత ఆరాక మరో పూతగా వేసి, చివర క్లియర్ వేయాలి. దగ్గర నుంచి చూస్తే గుర్తు తెలుస్తుంది, కానీ తుప్పు ఆగుతుంది. రేకు బయటపడితే వానాకాలం దాకా వాయిదా వేయకండి.

తలుపు పొడవునా గీసి ఉంటే పెయింటింగ్ షెడ్డుకు ఇవ్వడమే మేలు. ఇచ్చేముందు మూడు సంగతులు అడగండి. తలుపంతా వేస్తారా, గీత ఉన్నచోటేనా? మెటాలిక్ రంగు అయితే పక్క ప్యానెల్‌లోకి కలుపుతారా? దుమ్ము పడకుండా బూత్ ఉందా? మాటలతో సరిపెట్టకుండా చీటీ రాయించుకోండి. ఇంట్లో స్ప్రే గన్‌తో టూకే పెయింట్ కొట్టే సాహసం చేయకండి. దాని హార్డెనర్‌లో ఉండే ఐసోసైనేట్లు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి.

ఇన్సూరెన్స్ లెక్క

థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే ఈ నష్టానికి పైసా రాదు. కాంప్రెహెన్సివ్ పాలసీలో దురుద్దేశంతో చేసిన నష్టం కూడా కవరవుతుంది. అయితే అడిగేముందు లెక్క వేసుకోండి.

పెయింటింగ్ బిల్లు 8,000 అనుకుందాం. అందులో 25 శాతం, అంటే 2,000, సామాను ఖర్చుగా లెక్కగట్టి సగం తరుగు తీస్తారు. 1,000 పోయింది. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి కోత మరో 1,000. చేతికి వచ్చేది 6,000. జీరో డిప్రిసియేషన్ ఉంటే తరుగు కోత ఉండదు.

ఇక నో క్లెయిమ్ బోనస్. అది 20, 25, 35, 45, 50 శాతంగా ఏటా పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్‌తో సున్నాకు పడుతుంది. బోనస్‌కు ముందు మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఏటా 9,000 అనీ, ఇప్పుడు 50 శాతం బోనస్‌లో ఉన్నారనీ అనుకుందాం. వచ్చే ఏడు 4,500, ఆ తర్వాత వరుసగా 2,700, 2,250, 1,350, 450 ఎక్కువ కట్టాలి. మొత్తం 11,250. ఆరు వేలకు పదకొండు వేలు పోగొట్టుకున్నట్టు! బోనస్ ఇంకా మొదలవని వారికి, బోనస్ ప్రొటెక్షన్ తీసుకున్నవారికి, నాలుగైదు ప్యానెళ్లు పాడైనవారికి లెక్క వేరుగా వస్తుంది.

స్టేషన్, ఊరి మాట

ఇతరుల ఆస్తిని కావాలని పాడుచేయడం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 324వ సెక్షన్ కింద నేరం. మామూలుగా ఆరు నెలల దాకా జైలు, నష్టం 20,000 నుంచి లక్ష లోపు అయితే రెండేళ్ల దాకా, లక్ష, ఆపైన అయితే ఐదేళ్ల దాకా పడవచ్చు. చిన్న నష్టమైతే పోలీసులు మేజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేరు. అయినా దూరు ఇచ్చి స్వీకృతి తీసుకోండి. అది ఇన్సూరెన్స్‌కూ పనికొస్తుంది, మళ్లీ అదే జరిగితే ఆధారంగానూ ఉంటుంది. దూరు కన్నడలో రాస్తారు. మన పెద్దవాళ్లలో కన్నడ చదవలేనివారు ఉంటారు. పూర్తిగా చదివి వినిపించాకే సంతకం పెట్టించండి.

కళ్లతో చూడకుండా, కెమెరాలో కనపడకుండా ఎవరి పేరూ రాయకండి. వాట్సాప్ గ్రూపులో అసలు పెట్టకండి. గీతను షెడ్డువాడు రెండు రోజుల్లో పూడుస్తాడు, రెండిళ్ల మధ్య పుట్టిన పగ అంత సులువుగా పోదు. చేసింది పిల్లవాడని తేలి, వాళ్ల పెద్దలు ఖర్చు ఇస్తామంటే, ఇలాంటి కేసుల్లో రాజీకి చట్టమే వీలిస్తుంది. ఆ మొత్తాన్ని షెడ్డు బిల్లు చూపించి తీసుకోండి, కాగితం రాసుకోండి.

కొత్త రంగు వేయించాక కనీసం నెల రోజులు వ్యాక్స్ పూయకండి, పొడి గుడ్డతో దుమ్ము తుడవకండి.