రిపోర్టులో లేని లైను

2006లో నేను నార్త్ కరొలైనాలో, మోరిస్‌విల్‌లో ఉండేవాణ్ణి. ఆఫీసు రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కులో, పక్క ఊరు డర్‌హమ్. ఆ మార్చిలో టీవీ పెడితే ఒకటే వార్త: డ్యూక్ యూనివర్సిటీ లక్రాస్ టీము కుర్రాళ్ళు (వల కట్టిన కర్రలతో ఆడే ఆట లెండి) పార్టీకి పిలిచిన డాన్సర్ మీద అత్యాచారం చేశారని. ఆమె నల్లజాతి అమ్మాయి, వాళ్ళు డబ్బున్న తెల్లవాళ్ళు. లంచ్ టేబుల్ దగ్గర మేం మూడు రోజుల్లో తీర్పు చెప్పేశాం. "చేసే ఉంటారు" అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

మాకంత నమ్మకం ఎలా కలిగిందంటే, డిస్ట్రిక్ట్ అటార్నీ మైక్ నైఫాంగే రోజూ మైకుల ముందు అలా చెప్తున్నాడు మరి. మన పబ్లిక్ ప్రాసిక్యూటర్ లాంటి పదవే, కాకపోతే అక్కడ ఓట్లతో గెలవాలి. మే 2న పార్టీ ప్రైమరీ ఎన్నిక. ఆయన గెలిచాడు. ముగ్గురు కుర్రాళ్ళ మీద కేసు పెట్టాడు.

అసలు కథ డీఎన్ఏ రిపోర్టులో ఉంది. టీములో 46 మంది శాంపిల్స్ ఇచ్చారు. ప్రైవేటు ల్యాబు పరీక్షల్లో వేరే మగవాళ్ళ డీఎన్ఏ దొరికింది, ఈ ముగ్గురిదీ ఆమె నుంచి తీసిన శాంపిల్స్‌లో లేదు. ఆ "వేరేవాళ్ళ" ముక్క మాత్రం రిపోర్టులో రాయలేదు. డిఫెన్సు వాళ్ళు కోర్టుకెళ్ళి ముడి డేటా తెప్పించుకున్నారు, దాదాపు 2,000 పేజీలు. బ్రాడ్ బానన్ అనే లాయరు డీఎన్ఏ పుస్తకం కొనుక్కుని, సొంతంగా నేర్చుకుని, ఆ గుట్టంతా చదివాడు. మనం సమ్మరీ నమ్మకుండా లాగ్స్ తిరగేస్తాం చూడండి, అదే పని. 2006 డిసెంబర్ 15న ల్యాబు డైరెక్టరు బోనెక్కి, ఆ ఫలితాలు రిపోర్టులో పెట్టకూడదని నైఫాంగ్‌తో అనుకున్నామని ఒప్పుకున్నాడు.

ఇక్కడ నాకు నచ్చింది తర్వాత జరిగిందే. నైఫాంగ్‌ని నిలదీసింది లాయర్లని నియంత్రించే సంస్థ, నార్త్ కరొలైనా స్టేట్ బార్. కేసు ఇంకా నడుస్తుండగానే, డిసెంబర్ 28న, మీడియాలో మాట్లాడిన మాటల మీద ఫిర్యాదు నమోదు చేసింది. జనవరిలో దానికి డీఎన్ఏ దాపరికం కూడా చేర్చింది. ఏప్రిల్ 11న రాష్ట్ర అటార్నీ జనరల్ రాయ్ కూపర్ ఆ ముగ్గురూ నిర్దోషులని ప్రకటించాడు. జూన్‌లో ముగ్గురు సభ్యుల ప్యానెల్ అయిదు రోజులు బహిరంగంగా విచారణ జరిపి, 16న నైఫాంగ్ లైసెన్సు రద్దు చేసింది. కోర్టుకి అబద్ధం చెప్పినందుకు ఒక రోజు జైలు కూడా పడింది. 2024లో ఆ డాన్సర్ కూడా తను చెప్పింది అబద్ధమేనని ఒప్పుకుంది.

భేష్, వ్యవస్థ పనిచేసింది అనుకుని నేనూ ఈ కథ చాలామందికి చెప్పాను.

కానీ ఇదే నైఫాంగ్ 1995లో డర్‌హమ్‌లోనే ఒక నల్లజాతి మనిషి మీద జంట హత్యల కేసు వాదించి శిక్ష వేయించాడు. ఆ మనిషి ఇరవై ఏళ్ళకి పైగా జైల్లో ఉన్నాడు. కొత్త డీఎన్ఏ పరీక్షలు చూసి జడ్జి 2016లో శిక్ష కొట్టేశాడు. 2021లో, అప్పటికి గవర్నర్ అయిన అదే రాయ్ కూపర్, నిర్దోషి అంటూ క్షమాభిక్ష ఇచ్చాడు.

లక్రాస్ కుర్రాళ్ళకి ఏడాదిలో తేలిపోయింది. వాళ్ళ వెనక ఖరీదైన లాయర్లున్నారు, 2,000 పేజీలు చదివే ఓపికున్న మనిషి ఉన్నాడు. 2007 విచారణ కూడా ఆ ఒక్క కేసు మీదే. పట్టుబడిన బగ్ ఒక్కటే అయితే, అదే చెయ్యి రాసిన పాత కోడంతా మళ్ళీ చూడొద్దూ? ప్రొడక్షన్‌లో మనం చూస్తాం. మనుషుల జీవితాల విషయంలో ఎందుకు చూడం?

లంచ్ టేబుల్ దగ్గర నేనన్న మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.