క్రియాటినిన్ దాచిన గీత

ఒక రోగి ఏడాదికోసారి చేయించుకున్న రక్తపరీక్షల్లో క్రియాటినిన్ ఇలా ఉందనుకుందాం: 1, 1.14, 1.33, 1.6, 2, 2.67, 4, 8. మొదటి నాలుగేళ్లలో పెరిగింది ఒక్క పాయింటు, చివరి ఏడాదిలోనే నాలుగు. "మొన్నటిదాకా బాగానే ఉన్నాడు, ఉన్నట్టుండి కిడ్నీలు పోయాయి" అని ఇంటిల్లిపాదీ కుమిలిపోతారు. ఇంతకీ ఆ చివరి ఏడాది ఏం జరిగింది?

మొదటి ఆధారం క్రియాటినిన్ పుట్టుకలోనే ఉంది. అది కండరాల్లో తయారయ్యే వ్యర్థం, రోజూ దాదాపు ఒకే మోతాదులో వస్తుంది. పిక్రిక్ ఆమ్లంతో దానికి రంగు తెప్పించవచ్చని 1886లో మాక్స్ యాఫె చూపాడు. 1926లో డెన్మార్క్ శాస్త్రవేత్త పౌల్ బ్రాంట్ రేబెర్గ్ కిడ్నీల వడపోతను కొలవడానికి దాన్నే వాడాడు. తయారీ మారకుండా వడపోత సగమైతే, రక్తంలో క్రియాటినిన్ రెట్టింపవుతుంది.

రెండో ఆధారం 1976లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పరిశోధకులు మిచ్, వాల్సర్, వారి సహచరులు క్రియాటినిన్‌ను ఉన్నదున్నట్టు కాకుండా, 1ని దానితో భాగించి, వచ్చిన అంకెను కాలంతో పాటు గ్రాఫు మీద పెట్టారు. 34 మంది రోగుల్లో 31 మందికి తిన్నని గీత వచ్చింది! పై అంకెలనూ అలాగే భాగించండి: 1, 0.875, 0.75, 0.625, 0.5, 0.375, 0.25, 0.125. ఏటా అదే 0.125 తగ్గుదల. చివరి ఏడాది కొత్తగా ఏమీ జరగలేదు. సగం కిడ్నీ శక్తి మొదటి నాలుగేళ్లలోనే, అందరూ నిశ్చింతగా ఉన్నప్పుడే పోయింది. ఇంత చిన్న భాగహారంలో ఇంత పెద్ద నిజం బయటపడటం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

అయితే అందరి గీతా తిన్నగా సాగదు. నిర్జలీకరణ, నొప్పి మాత్రలు దాన్ని ఒక్కసారిగా కిందికి లాగగలవు. బీపీ అదుపులో ఉంటే వాలు తగ్గవచ్చు. కండ కరిగినవారిలో క్రియాటినిన్ తక్కువగా కనిపించి మోసం చేస్తుంది. అందుకే ఇప్పుడు క్రియాటినిన్‌కు వయసు, లింగం కలిపి కిడ్నీల వడపోతను అంచనా కట్టే ఇజీఎఫ్ఆర్‌ను చూస్తున్నారు. అది రెండేళ్లలో 30 శాతం పడిపోయినా డయాలసిస్ ముప్పు బాగా పెరుగుతుందని 2014లో జామా పత్రికలో వచ్చిన పెద్ద విశ్లేషణ తేల్చింది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ గీత అవసరం మరీ ఎక్కువ. అక్కడ ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బులో చాలామందికి మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు, ఒళ్లు వాచదు. మూత్రపరీక్ష ఒక్కటే చేసి పంపేస్తే జబ్బు చేతికి చిక్కదు.

పాత రిపోర్టులు పారేయకండి. తేదీల వరుసలో ఒకే ఫైలులో పెట్టి, "ఇజీఎఫ్ఆర్ ఏడాదిలో ఎంత తగ్గింది?" అని డాక్టరును అడగండి.