కోడిపెట్ట నేర్పిన వైద్యం



ఇవాళ మీతో చానా చిన్న విషయం ముచ్చటించాలని వచ్చాను. గంప కింద పట్టేటంత విషయం. పిల్లి పట్టిన కోడి, కుక్క నోట్లోనుంచి విడిపించిన కోడి, గద్ద గోళ్ళకు చిక్కి జారిపడ్డ కోడి! వీటి గాయాలకు మన పెద్దవాళ్ళు ఏం చేసేవాళ్ళు, ఆ చేతివైద్యం వెనక ఎంత చరిత్ర వుంది, అందులో నిలుపుకోవలసిందేది, మార్చుకోవలసిందేది అన్నదే యీ ప్రసంగం. కోడి గాయానికి గూడా చరిత్రా అని నవ్వకండి. కడదాకా వింటే మీరే అంటారు, మన పిల్లల ప్రాణాలు నిలిపిన ఒక గొప్ప మందుకు దారి చూపింది కోడేనని.

మా పుట్టిల్లు జమ్మలమడుగు. మా జేజికి పది పన్నెండు కోళ్ళుండేవి. గుడ్లమ్మిన డబ్బు జేజి సొంతం. అందులో మా తాతకు గూడా వాటా లేదు. పండక్కి మాకు గాజులు, సంతలో బొరుగులు, ఇంటికొచ్చిన ఆడపడుచు చేతిలో పెట్టే రూపాయి, అన్నీ ఆ డబ్బులోనివే. అందుకే కోడికి ఏమన్నా అయితే ఆమె ప్రాణం గిలగిల్లాడేది.

ఒకనాటి రాత్రి పిల్లి నల్లపెట్టను పట్టింది. కేకలేసి విడిపించినాము. దీపం దగ్గర పెట్టి చూస్తే రెక్క కింద రెండే రెండు చుక్కలు, సూదితో గుచ్చినట్టు. నెత్తురు గూడా పెద్దగా లేదు. "ఏం గాలేదులే, బతికిపోయింది" అని జేజి ఈకల మీదనే రవ్వంత పసుపు, పొయ్యిలోని బూడిద అద్ది గంప మూసింది. మర్నాడు పొద్దున అది నూకలు గూడా తినింది. సాయంత్రానికి ముడుచుకొని కూర్చుంది. మూడోనాడు గంప ఎత్తితే చచ్చిపోయి వుంది. దిష్టి తగిలిందన్నారు ఇరుగుపొరుగు. "పసుపు పెట్టినాను గదా, ఎట్ల చచ్చిపోయె?" అని మా జేజి పదే పదే అనుకున్న మాట నా చెవుల్లో వుండిపోయింది. ఆ మాటకు జవాబు నాకు చానా ఏండ్ల తర్వాతగాని దొరకలేదు.

జవాబు కోసం కొంచెం వెనక్కి పోదాం. కర్నూలు జిల్లాలో, పత్తికొండ వైపు ఎర్రగుడి అనే వూరుంది. అక్కడి గుండ్ల మీద అశోకుడు క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో బ్రాహ్మీ లిపిలో శాసనాలు చెక్కించాడు. అందులో ఒకదానిలో, మనుషులకు ఒక వైద్యం, పశువులకు ఒక వైద్యం, రెండూ ఏర్పాటు చేయించానని, మందుచెట్లు లేనిచోటికి తెప్పించి నాటించానని చెప్పుకున్నాడు. మరొకదానిలో, తన వంటశాలలో ఒకప్పుడు లెక్కలేనన్ని ప్రాణులను చంపేవారని, ఇప్పుడు రెండు నెమళ్ళు, ఒక జింక మాత్రమేనని, ముందుముందు అవి గూడా వుండవని రాయించాడు. ఉత్తరాదిన ఆయన వేయించిన స్తంభశాసనంలో కోడిపుంజుల విత్తులు తీయగూడదనే నియమం గూడా వుంది. అంటే మూగప్రాణికి నొప్పి వుంటుందని, దానికి మందు చెయ్యడం ఏలేవాడి ధర్మమని యీ నేల మీద రాతిలో రాసి రెండువేల ఏండ్లు దాటింది.

గాయాల సంగతి మన వైద్యగ్రంథాలూ వివరంగా చెప్పాయి. సుశ్రుతుడు వ్రణానికి అరవై రకాల ఉపచారాలు చెప్పాడు. కషాయాలతో కడగడం, తేనె, నెయ్యి వాడడం, కట్టు కట్టడం అందులోనివే. ఇక పసుపు మనకు తెలియనిదా? మైదుకూరు పేరు మీద పసుపులో ఒక రకమే వుంది. మన జిల్లాలో పసుపు పండించే ఇంట పుట్టిన పిల్లకు కాలికి ముల్లు గుచ్చుకుంటే మొదట గుర్తొచ్చేది పసుపే.

ఈ పసుపు మీద ఒక పెద్ద తగాదాయే నడిచింది. 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి, గాయాలు మాన్పడానికి పసుపు వాడే విధానం మీద అక్కడి ప్రభుత్వం పేటెంటు ఇచ్చింది. మన దేశపు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి ఊరుకోలేదు. ఇది మా ఇండ్లలో ఎప్పటినుంచో వున్న మాటేనని పాతగ్రంథాలనూ, 1953 నాటి ఒక వైద్యపత్రిక వ్యాసాన్నీ ముందు పెట్టి వాదించింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. మన అమ్మలూ అవ్వలూ గెలిచినట్టే!

అయితే అమ్మా, ఇక్కడొక మాట జాగ్రత్తగా వినాలి. ఆ తగాదాలో తేలింది పసుపు వాడకం కొత్తది కాదని మాత్రమే. ప్రతి గాయానికీ పసుపు ఒక్కటే చాలునని ఎవరూ తేల్చలేదు. సుశ్రుతుడు గూడా కడగమన్నాడు. మా జేజి పసుపు పెట్టింది గాని, కడగలేదు. లోపం అక్కడుంది.

కడగడం ఎందుకో లోకానికి తెలిసింది మొన్నమొన్ననే. 1865లో స్కాట్లండులోని గ్లాస్గోలో బండిచక్రం కింద పడి కాలెముక విరిగి, చర్మం చీలిన పదకొండేండ్ల పిల్లవాణ్ణి జోసెఫ్ లిస్టరు అనే డాక్టరు దగ్గరికి తెచ్చారు. అప్పట్లో అటువంటి గాయం కుళ్ళి ప్రాణం పోవడమో, కాలు తీసెయ్యడమో మామూలు. లిస్టరు కార్బాలికామ్లంలో తడిపిన గుడ్డతో కట్టు కట్టాడు. గాయం కుళ్ళలేదు, పిల్లవాడు నడిచాడు. కుళ్ళుకు కారణం కంటికి కనబడని సూక్ష్మజీవులని ఆయన 1867లో పత్రికలో రాశాడు. ఆ ఆలోచన ఆయనకిచ్చింది ఫ్రాన్సు దేశపు లూయీ పాశ్చరు. మన జమ్మలమడుగులో లండన్ మిషన్ వారి క్యాంప్‌బెల్ ఆసుపత్రి వెలిసింది ఆ తర్వాతి కాలంలోనే. నీళ్ళు కాచడం, గుడ్డలు ఉడకబెట్టడం వంటి కొత్త శుభ్రత అటువంటి ఆసుపత్రుల నుంచే మన పల్లెల దాకా వచ్చింది.

ఇప్పుడు మన కోడి దగ్గరికి వద్దాం. 1879లో పాశ్చరు కోళ్ళ కలరా అనే రోగం మీద పనిచేస్తున్నాడు. దాని క్రిములను ఆయనకు అందించినవాడు టులూజు పట్టణంలోని పశువైద్య పాఠశాల ఉపాధ్యాయుడు టుసేన్. క్రిములను గాజుబుడ్లలో పెంచి కోళ్ళకు ఎక్కిస్తే చచ్చిపోయేవి. చానాకాలం నిలవవున్న పాత బుడ్డిలోనిది ఎక్కిస్తే మాత్రం కోళ్ళు రవ్వంత జబ్బుపడి కోలుకున్నాయి. ఆ కోళ్ళకే తర్వాత కొత్త క్రిములు ఎక్కించినా ఏమీ కాలేదు! క్రిమిని బలహీనపరచి దాన్నే టీకాగా వాడవచ్చునని 1880లో ఆయన లోకానికి చెప్పాడు. ప్రయోగశాలలో తయారైన మొదటి టీకా అదే. ఆ దారిలోనే నడిచి 1885లో పిచ్చికుక్క కాటుకు టీకా ఇచ్చి ఒక పిల్లవాణ్ణి బతికించాడు. మన ప్రాంతం మద్రాసు రాజధానిలో వున్న రోజుల్లో, 1907లో, నీలగిరుల్లోని కూనూరులో పాశ్చరు పేరనే ఒక సంస్థ పెట్టారు. దక్షిణాదిలో కుక్కకాటుకు మందు దొరికిన చోటు అదే.

మరి జేజి నల్లపెట్ట ఎందుకు చచ్చిపోయినట్టు? పాశ్చరు గుర్తుగా ఆ కోళ్ళ కలరా క్రిమికి 'పాశ్చురెల్లా' అని పేరు పెట్టారు. అది ఎక్కువ పిల్లుల నోళ్ళలో వుంటుంది. పిల్లికి దానివల్ల ఏమీ కాదు. పిల్లి కోర సూదిలా సన్నంగా లోపలికి దిగి ఆ క్రిమిని కండలో వదిలిపెడుతుంది. పైన చర్మం వెంటనే మూసుకుంటుంది. లోపల నెత్తురంతా విషమవుతుంది. ఒకరోజు బాగున్నట్టే వుండి, రెండో మూడో రోజున కోడి పడిపోతుంది. అందుకే అంటున్నాను, కోడిని చంపేది చూడడానికి భయంకరంగా వుండే గాయం కాదు, కనబడని గాయం.

దీనికి నేనే సాక్ష్యం. నేను ప్రొద్దుటూరులో కాపురానికి వచ్చిన తర్వాత, మా ఇంటి ఎర్రపెట్టను కుక్క పట్టింది. వీపు మీద తోలు అరచెయ్యంత లేచిపోయి, లోపలి కండ బయటపడింది. మా అత్త చూసి, "ఇంగ ఇది బతికేదా మేయ్? కోసెయ్, కూరన్నా అయితాది" అనింది. ఆమె మాటలో తప్పులేదు, అంతకుముందు అట్లాంటివి బతకడం ఆమె చూడలేదు. నా బిడ్డ మాత్రం గంప పట్టుకొని కదల్లేదు. పశువుల డాక్టరుగారిని అడిగి ఆయన చెప్పినట్టు చేశాను. నెలతిరిగేసరికి కొత్త తోలు కమ్మి, సన్నగా ఈకలొచ్చాయి. మళ్ళీ గుడ్డు పెట్టిన రోజు మా అత్తే ఆ గుడ్డు తెచ్చి నా చేతిలో పెట్టి, "నీ కోడే గెలిచింది" అనింది.

ఆయన చెప్పినవి మీకూ చెబుతాను. నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అయిదు నిమిషాలు అదిమి పట్టండి. మధ్యలో ఎత్తి చూడవద్దు. పట్టుకునేటప్పుడు రొమ్ము బిగించి పట్టవద్దు. కోడి రొమ్మెముక ఆడితేనే దానికి ఊపిరి. వెచ్చగా, చీకటిగా, సద్దులేనిచోట వుంచండి. బెదురుతోనే సగం కోళ్ళు పోతాయి. గొంతులో నీళ్ళు పొయ్యవద్దు, గిన్నె ముందర పెట్టండి, అదే తాగుతుంది. గాయం చుట్టూ ఈకలు పీకకుండా కత్తిరించండి. లీటరు నీళ్ళు కాచి, ఒకటిన్నర చిన్న చెంచా ఉప్పు వేసి, చల్లార్చి, ఆ నీళ్ళు ధారగా పోసి మట్టీ మడ్డీ పోయేదాకా కడగండి. తర్వాత, మందుల షాపులో దొరికే పోవిడోన్ అయొడిన్‌ను పలచని తేనీటి రంగు వచ్చేదాకా నీళ్ళు కలిపి అద్దండి. బూడిద, పేడ, కిరసనాయిలు, సున్నం వద్దే వద్దు. ఇంట్లో సూదీదారంతో కుట్టవద్దు. కాటు గాయాన్ని మూసేస్తే విషాన్ని లోపల పెట్టి మూసినట్టే.

ఈగ వాలకుండా పలచని గుడ్డ కప్పండి. పురుగు పడితే గాయం కంటె అదే ముందు చంపుతుంది. తక్కిన కోళ్ళ నుంచి వేరుచెయ్యండి. ఎర్రగా కనబడితే తోటి కోళ్ళే పొడిచి పొడిచి చంపుతాయి. కోడి చీము మనదాని మాదిరి కారదు, జున్నుముక్కలా గట్టిపడి లోపలే వుంటుంది. అందుకని వాపు గట్టిగా వుంటే డాక్టరుగారు తీయవలసిందే. గాయంలోనుంచి ఊపిరితో పాటు బుడగలొస్తే, పొట్ట చీలితే, పిల్లి కరిచిందని తెలిస్తే, ఒక్కపూట గూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.

"ఆసుపత్రి ఎక్కడమ్మా?" అనే రోజులు కావివి. పశువైద్య విద్య కోసం 1903లో మద్రాసులో కళాశాల పెట్టినప్పుడు మన వాళ్ళు అంతదూరం పోవలసి వచ్చేది. ఆంధ్ర రాష్ట్రమొచ్చాక 1955లో బాపట్లలో కళాశాల పెట్టి, తర్వాత తిరుపతికి మార్చారు. 2005లో తిరుపతిలో పశువైద్యానికే ఒక విశ్వవిద్యాలయం వెలిసింది. దాని కింద మన ప్రొద్దుటూరులోనే 2008లో కళాశాల వచ్చింది. పులివెందులలో పశుసంపద మీద పరిశోధన కోసం పెద్ద కేంద్రమే కట్టారు.

పులివెందులంటే గుర్తొచ్చింది. ఆ వూరి పేరులో పులి వుంది గాని, కోడికి మాత్రం ముంగిసే పులి! అక్కడ కాపురముంటున్న మా అమ్మాయి ఒకరోజు ఫోను చేసి, "అమ్మా, ముంగిస కోడిని కొరికింది. పిల్లోనికి జ్వరమొచ్చినప్పుడు మిగిలిన మాత్రలుండాయి, అరగదీసి వెయ్యనా?" అనింది. వద్దంటే వద్దన్నాను. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగు 1945లో నోబెల్ బహుమానం అందుకున్నప్పుడే హెచ్చరించాడు. చాలీచాలని మోతాదు వేస్తే క్రిమి చావకపోగా మందుకే అలవాటుపడుతుందని. మాత్ర ఏది, ఎంత, ఎన్నాళ్ళు అన్నది డాక్టరుగారే చెప్పాలి. ఆ మందు వాడినన్నాళ్ళూ, ఆయన చెప్పిన గడువు తీరేదాకా, ఆ కోడి గుడ్డు ఇంట్లో తినగూడదు, అమ్మగూడదు. మా అమ్మాయి కడిగింది, కప్పింది, ఆసుపత్రికి తీసుకుపోయింది. ఆ కోడి బతికింది.

ఇంకొక్క మాట. కోడిని విడిపించబోయి కుక్కో పిల్లో మిమ్మల్ని గీరినా, కొరికినా, కోడి సంగతి పక్కనపెట్టి ముందు మీ చెయ్యి సబ్బుతో, పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు టీకా కోసం ఆసుపత్రికి పోండి. పాశ్చరు కోళ్ళు చూపిన దారి మనకు చేరింది అందుకే.

ఒక కోడి ఖరీదెంత, దానికింత తంటా ఎందుకు అనే వాళ్ళుంటారు. చేతిలో సొంత డబ్బంటూ లేని ఆడదానికి ఆ పెట్టే బ్యాంకు. దాని గాయం కడగడం నేర్చుకున్న చెయ్యి, రేపు బిడ్డ మోకాలి గాయాన్నీ కడుగుతుంది. మా జేజి పసుపు డబ్బీని నేను వదల్లేదు, వంటింట్లో వుంది. దాని పక్కన ఉప్పు, కాచిన నీళ్ళు చేర్చానంతే.