పెనుగంచిప్రోలు అచ్చమాంబ: తమ్ముడి పుస్తకాలతో చదువుకున్న అక్క



మాది చిల్లకల్లు. హైదరాబాద్–విజయవాడ హైవే మీద వెళ్లినవాళ్లకి మా టోల్‌గేట్ గుర్తుండే ఉంటుంది. మాకు దగ్గర్లోనే, మునేరు ఒడ్డున పెనుగంచిప్రోలు ఉంది. తిరుపతమ్మ తల్లి తిరునాళ్లకి చిన్నప్పుడు ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. కానీ అది భండారు అచ్చమాంబ పుట్టిన ఊరని నాకు తెలిసింది మాత్రం బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి, ఈ వీడియోలు మొదలుపెట్టాకే.

ఎవరీ అచ్చమాంబ? 1874లో పుట్టారు. 1902లో ‘ధనత్రయోదశి’ కథ రాశారు. గురజాడ ‘దిద్దుబాటు’ వచ్చింది 1910లో. అందుకే తెలుగులో తొలి కథ ఈవిడదే అని చాలామంది పరిశోధకులు అంటారు. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరుతో స్త్రీల జీవిత చరిత్రలు రాశారు. ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టారు.

ఇంత చేసిన మనిషి బడి మొహం చూడలేదండీ. ఆరేళ్లకు తండ్రి పోయారు. పదేళ్లకు పెళ్లి చేశారు.

ఆమెకో తమ్ముడున్నాడు. మీకు తెలిసిన పేరే, కొమర్రాజు లక్ష్మణరావు. విజ్ఞాన చంద్రికా మండలి, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం అంటే ఆయనే. తండ్రి లేని పిల్లాడు కాబట్టి, నాగపూర్‌లో అక్కా బావల దగ్గర ఉండి చదువుకున్నాడు. తమ్ముడు చదువుతుంటే పక్కన కూర్చుని అక్క కూడా నేర్చుకుంది. తెలుగు, హిందీ, మరాఠీ... అలా వచ్చినవే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఒకే తల్లి బిడ్డలు. తండ్రి ఇద్దరికీ పోయాడు. తమ్ముడు ఎం.ఏ. దాకా వెళ్లాడు, అక్కకి బడే లేదు. “పెళ్లయినా ఎంత సాధించిందో చూడండి” అని మనం పొగుడుతాం. కానీ ఆ తమ్ముడు అక్క ఇంటికి రాకపోయి ఉంటే? ఆ రోజుల్లో పదేళ్లకు పెళ్లయి, అలాంటి తమ్ముడు లేని ఆడపిల్లల పేర్లు మనకెవరికీ తెలియవు. వాళ్లు ఏం రాసేవాళ్లో కూడా తెలియదు. అచ్చమాంబ కూడా ఎక్కువ కాలం బతకలేదు. 1905లో, ముప్ఫై ఏళ్ల వయసులో పోయారు.

ఇదంతా పాత కథ అనుకుంటున్నారా? పదో తరగతిలో మా క్లాసులో ఒకమ్మాయి ఉండేది. లెక్కల్లో నాకు డౌట్ వస్తే ఆమె నోట్సే దిక్కు. మార్కులు కూడా నాకంటే ఎక్కువే. ఆ ఎండాకాలమే పెళ్లి చేసేశారు. “కాలేజీ అంటే జగ్గయ్యపేట బస్సెక్కాలి, ఆడపిల్లతో ఎందుకొచ్చిన గొడవ” అన్నారు ఇంట్లో. అదే బస్సెక్కి నేను ఇంటర్‌కి వెళ్లాను. ఆ పెళ్లికీ వెళ్లాను, భోంచేసి వచ్చాను. తప్పని అప్పుడు తోచలేదు. ఊళ్లో పెద్దవాళ్లెవరూ అనలేదు కూడా.

చట్టం లేక కాదు. 1929 శారదా చట్టం ఆడపిల్లకి 14 ఏళ్లు అంది. 1978లో అది 18 అయింది. 2006లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. దేశం మొత్తం మీద అది 23.3 శాతం.

చదువు ఎక్కడ ఆగుతోందో గమనించండి. ఊళ్లో బడి ఉన్నంతకాలం పిల్ల చదువుతుంది. బడి అయిపోయి బస్సెక్కాల్సిన రోజున పెళ్లి మాట వస్తుంది. అందుకే పదో తరగతి పరీక్షలు రాసే అమ్మాయి మీ వీధిలో ఉంటే, “తర్వాత ఏ కాలేజీ?” అని ఆ ఇంట్లో ఒకసారి అడగండి. పెళ్లి మాట వినిపిస్తే 1098కి ఫోన్ చేయండి. నాలాగా భోంచేసి వచ్చేయకండి.

మళ్లీ కలుద్దాం. ఉంటానండీ.