హెలికాప్టర్ ధ్వని కాలుష్యము (మలక్‌పేట)

హెలికాప్టర్ ధ్వని కాలుష్యము అనగా నివాస ప్రాంతాలపై తక్కువ ఎత్తులో ఎగిరే హెలికాప్టర్ల వలన కలిగే శబ్ద కాలుష్యము. భారత రాజ్యాంగము 7వ షెడ్యూలు, కేంద్ర జాబితా 29వ అంశము ప్రకారము విమానయానము కేంద్ర ప్రభుత్వ పరిధిలోనిది. కనుక హైదరాబాదులోని మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వంటి ప్రాంతాలపై హెలికాప్టర్ల మార్గమును, ఎత్తును నిర్ణయించే అధికారము నగరపాలక సంస్థకు లేదు.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారము నివాస ప్రాంతాలలో పరిమితి పగలు 55, రాత్రి (10 నుండి ఉదయము 6 వరకు) 45 డెసిబెళ్ళు. ధ్వని ఈ పరిమితిని 10 డెసిబెళ్ళు లేదా అంతకు మించి దాటినచో సంబంధిత అధికారికి ఫిర్యాదు చేయవచ్చును.

పట్టణ ప్రణాళికలో స్థానిక సంస్థలు శబ్ద కాలుష్యమును దృష్టిలో ఉంచుకొనవలెనని కూడా ఈ నియమాలు చెప్పుచున్నవి. కావున ఎగురుటపై అధికారము లేకున్నను, ఇళ్ళ చెంత భూవినియోగమును నిర్ణయించుటలో వాటికి బాధ్యత ఉన్నది.