వంశావళియు సాక్ష్యమును: బర్క్లీ ప్రభువుల వివాదము

వంశవృక్షము చరిత్రకు సాక్ష్యమా, లేక తానే సాక్ష్యమును అపేక్షించు వాదమా? ఈ ప్రశ్నను విచారించుటకు ఇంగ్లండునందలి బర్క్లీ వంశపు వివాదము తగిన ఉదాహరణమని మేము తలంచుచున్నాము.

ఐదవ బర్క్లీ ఎర్లు ఫ్రెడరిక్ ఆగస్టస్, మేరీ కోలును 1796లో బహిరంగముగా వివాహమాడెను. అప్పటికే వారికి పుత్రులు గలరు. ఆంగ్లన్యాయము ననుసరించి వివాహమునకు పూర్వము జనించినవారు బిరుదమున కర్హులు కారు. కావున 1785లోనే రహస్యవివాహము జరిగినదని దంపతులు చెప్పి, చర్చి రిజిస్టరునందలి పుటను ఆధారముగా జూపిరి. 1810లో ఎర్లు మరణింపగా జ్యేష్ఠపుత్రుడు విలియం బిరుదమును కోరెను. 1811లో ప్రభువుల సభ ఆ తొలి వివాహము రుజువు కాలేదని నిర్ణయించెను. న్యాయమున బిరుదము, 1796 వివాహానంతరము జనించిన థామస్ మోర్టనుకు సంక్రమించెను. ఆయన 1882లో మరణించువరకు దానిని ధరింపలేదు. కోటయు భూములును మాత్రము తండ్రి మరణశాసనముచే విలియమునకు దక్కెను.

ఇందు పితృత్వమును గూర్చి వివాదము లేదు; వివాదమంతయు తేదీని గూర్చినదే. ఆ తేదీ గల పుటను వెలికి దెచ్చినవారు దానివలన లాభము పొందువారే. ఏ వంశావళినైనను ఎవరు, ఎప్పుడు, ఏ హక్కుకొరకు వ్రాయించిరని యడుగుట పరిశోధకుని ప్రథమకర్తవ్యము.